కుమ్హారిలో ఒక భీమిలి ఇల్లు

మా అత్త పోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. అన్నం తిని, మండువా పక్కన గచ్చు మీద చాప పరుచుకుని నడుం వాల్చిందట. మరి లేవలేదు. పక్కింటి దీదీ ఫోన్ చేసి, "బిటియా, అమ్మాజీ నిద్రలోనే వెళ్ళిపోయారు, జల్దీ ఆవో" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నాన్నని కారెక్కించుకుని భిలాయి నుంచి కుమ్హారి వెళ్ళేసరికి రోడ్డు మీద తారు మెత్తబడి టైర్లకి అంటుకుంటోంది. వడగాలి మొహం మీద కొడుతోంది. మేం వెళ్ళాక ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఆమెతో పనిచేసినవాళ్ళు, చరోదా రైల్వే కాలనీ నుంచి మావయ్య తరఫువాళ్ళు, వీధిలోవాళ్ళు. అందరూ చెమటలు కక్కుతూ వచ్చారు, అత్త మొహం చూశారు, మండువా చుట్టూ స్తంభాలకి ఆనుకుని కూచున్నారు. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆంధ్రా కాలనీ పెద్దాయన ఒకాయన నన్ను పిలిచి, "కూలరెక్కడ పెట్టారమ్మా, చప్పుడే రావట్లేదు" అని అడిగాడు.

"కూలర్ వెయ్యలేదండీ. పొద్దుట్నుంచీ కరెంటే లేదు" అన్నాను.

ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుని తల దించుకున్నాడు. ఈ ఇల్లు కడుతున్నప్పుడు మా అత్తకి మతిపోయిందని ఊరంతా చెప్పింది ఆయనే. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్ళు అడిగారు. శాంతమూర్తి, అందరికీ తలలో నాలుక అని రాస్తే అబద్ధమవుతుంది. మా అత్త శాంతమూర్తి కాదు. ఎవరైనా "అలా కుదరదు" అంటే ఆమెకి కళ్ళలో వెలుగొచ్చేది. ఆ వెలుగు చూసి భయపడ్డవాళ్ళు భిలాయిలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో మా నాన్న మొదటివాడు.

నాన్నకి ఆమె పెద్దక్క. మా ఉత్తరాంధ్ర అలవాటు ప్రకారం "అప్పా" అని పిలిచేవాడు. ఇద్దరూ పుట్టింది భీమునిపట్నంలో, ఓడలు ఆగే రోజుల్లో కట్టిన ఒక పాత ఇంట్లో. భీమిలి చూసినవాళ్ళకి తెలుస్తుంది. డచ్చివాళ్ళ కాలం నుంచీ రేవుపట్నం కదా, అక్కడి పాత ఇళ్ళలో ఊళ్ళోవాళ్ళ తెలివీ, ఓడల్లో వచ్చినవాళ్ళ తెలివీ కలిసిపోయి ఉంటాయి. ముందు వీధి పొడవునా లావుపాటి గుండ్రటి స్తంభాల వసారా. మనిషి చెయ్యంత మందం సున్నపు గోడలు. తలెత్తి చూడాల్సినంత ఎత్తున రంగూన్ టేకు దూలాలు. గోడ పైభాగాన వేడిగాలి పోవడానికి చిన్న చిన్న గవాక్షాలు. కిటికీలకి అద్దాలుండవు, చెక్క రెక్కలుంటాయి. రెక్కలు వాలిస్తే గాలి వస్తుంది, ఎండ రాదు. ఇంటి మధ్యలో పైకప్పు వెయ్యకుండా ఆకాశానికి వదిలేసిన మండువా.

ఆ ఇంట్లో పెరిగిన పిల్ల విశాఖపట్నంలో డ్రాయింగ్ చదువుకుని, భిలాయి ప్లాంటు డిజైన్ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని ఒక్కతే రైలెక్కి వచ్చేసింది. వచ్చిన కొన్నాళ్ళకి చరోదా రైల్వే యార్డులో గార్డుగా పనిచేసే క్రైస్తవుడిని పెళ్ళి చేసుకుంది. మా తాతకి ఆ సంగతి తెలిసి, "ఈ గడప తొక్కొద్దు" అని కబురు పంపాడు.

ఆమె తొక్కలేదు. కానీ ప్రతి వేసవి సెలవులకీ మావయ్యతో కలిసి భీమిలి వెళ్ళేది. ఎదురింటి అరుగు మీద కూచుని పుట్టింటిని చూసేది. ఒడిలో కాగితం పెట్టుకుని స్తంభాలూ కిటికీలూ గీసుకునేది. తాత వసారాలో పడకకుర్చీలో కూచుని పేపరు అడ్డం పెట్టుకునేవాడట. వీధికి ఇటు కూతురు, అటు తండ్రి, మధ్యన బళ్ళూ మనుషులూ. "నీకు కష్టంగా ఉండేది కాదా అత్తా" అని ఒకసారి అడిగాను.

"ఎందుకుండదే? కానీ గడప తొక్కొద్దన్నారు గానీ, చూడొద్దనలేదు గదా" అంది.

నాన్న కూడా తర్వాత ప్లాంటు ఉద్యోగంలో చేరి భిలాయిలోనే స్థిరపడ్డాడు. ఆమె రిటైరయ్యేనాటికి తాత పోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు చేతులు మారింది. ఇక్కడ ప్లాంటు క్వార్టరు ఖాళీ చెయ్యాలి కనుక కుమ్హారిలో స్థలం తీసుకున్నారు. అత్తా మావయ్యలకి పిల్లల్లేరు. అందరిలాగే రెండు గదుల స్లాబు ఇల్లు వేసుకుంటారని మేమంతా అనుకున్నాం. అత్త మా ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద నక్షా పరిచింది. నాన్న దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"అప్పా, ఇదేటి? మన భీమిలి ఇల్లు గదా ఇది."

"కాదు. నా కుమ్హారి ఇల్లు."

"అందరూ స్లాబ్ ఏసుకుంటన్నారు గదా, నీకేటి వచ్చింది?"

"అందరూ ఏసుకుని ఏటి చేస్తన్నార్రా? మే నెలొస్తే కూలర్ ముందు కూచుని కరెంటోడ్ని తిడతన్నారు. అంతే గదా."

"భీమిల్లో సముద్రముందప్పా. గాలొస్తాది. ఇక్కడేటుంది?"

"ఎండుంది. సముద్రం ఉన్నోళ్ళే అంత ఆలోచించి కట్టుకున్నారు. లేనోళ్ళం మనమెంత ఆలోచించాలి?"

కాంట్రాక్టరు ఇంకా తేలిగ్గా తీసుకున్నాడు. పక్కనే ఉన్న భిలాయి-3 అనే ఊరివాడు, ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళు కట్టినవాడు. "మేడమ్, సరియా లేకుండా ఇల్లేంటి? సున్నంతో గోడలా? కుదరదు" అన్నాడు. సరియా అంటే ఇనప కడ్డీలు. ఉక్కు ఊళ్ళో కూచుని ఇనుము వద్దంటోందని అతనికి నవ్వొచ్చినట్టుంది. అత్త నవ్వలేదు.

"చూడు భయ్యా, నా సర్వీసంతా ఫర్నేసుల డ్రాయింగులు గీశాను. లోపలి వేడి బయటికి పోకుండా ఇటుకల మందం ఎంతుండాలో లెక్క కట్టాం. బయటి వేడి లోపలికి రాకుండా ఉండడానికి నేను మందం వేసుకుంటానంటే నీకు వింతేంటి?" అంది.

అతను మళ్ళీ రాలేదు. అత్త ముందుగా స్థలంలో ఒక మూల చిన్న గోడ కట్టించి చూసింది. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళతో సున్నం కలిపించింది. అది ఎండాక నిలువునా పగిలింది. వీధిలోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇసుక పాళ్ళు మార్చి, సున్నం ఇంకొన్నాళ్ళు నానబెట్టి, రెండోసారి కట్టించింది. వర్షాకాలమంతా ఆ గోడ ఒంటరిగా తడిసింది. ఏమీ కాలేదు. "మన కాళ్ళ కిందంతా సున్నపురాయే. ఈ నేల తీసుకోమంటోంది, మనం సిమెంటు బస్తా కోసం లైన్లో నిలబడుతున్నాం" అనేది.

అప్పుడే భీమిలి నుంచి ఎవరో ఫోన్ చేసి పుట్టిల్లు పడగొడుతున్నారని చెప్పారు. మావయ్యకి ఒంట్లో బాగోక నన్ను తోడు తీసుకెళ్ళింది. నేనప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నాను. మేం వెళ్ళేసరికి ఇంటికి పైకప్పు లేదు. దూలాలు వీధిలో పేర్చి ఉన్నాయి. గోడల పైన కాకులు వాలి ఉన్నాయి. అత్త ఎదురింటి అరుగు దగ్గర కాసేపు ఆగింది. నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని రోడ్డు దాటి, తిన్నగా లోపలికి నడిచింది.

ద్వారబంధం ఉన్నచోట కాళ్ళ కేసి చూసుకుని నిలబడింది. గడప అప్పటికే పీకేశారు. మట్టి తప్ప ఏమీ లేదు.

"చూడవే. మీ తాత మాట తప్పలేదు నేను. గడప తొక్కకుండానే లోపలికొచ్చాను" అంది. 

లోపల చాలాసేపు ఉన్నాం. కూలిన గోడ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. సున్నంలో నత్తగుల్లల పెచ్చులు తెల్లగా కనిపించాయి. గోడ మందం తన మోచేత్తో కొలుచుకుంది. వంటింటి గోడకి, మసి పట్టిన చోట, చెంప ఆనించింది. నేను వేరేవైపు చూశాను. పడగొట్టేవాళ్ళు రెక్కల కిటికీలని వంటచెరకు కింద పక్కన పడేశారు. అవి అడిగి తీసుకుంది. మావయ్య స్నేహితులు రైలు పార్సిల్లో వేయించారు.

తిరుగు ప్రయాణంలో నేను అనుకున్నట్టు ఆమె పాత రోజుల గురించి మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఏది తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నదే మాట. భీమిలి గాలిలో తడి ఉంటుంది, ఒళ్ళు ఆరాలంటే పగలంతా గాలి ఆడాలి, కాబట్టి అక్కడ కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంచుతారు. మా దగ్గర గాలి పొడి. మధ్యాహ్నం తలుపు తీస్తే వడగాలి పొయ్యిలా లోపలికొస్తుంది. అందుకని గోడలు ఇంకా మందం చెయ్యాలి, కిటికీలు చిన్నవి చెయ్యాలి, పగలు మూసి సాయంత్రం తెరవాలి. మండువా ఇరుకు చెయ్యాలి, నడినెత్తి సూర్యుడు ఎక్కువసేపు ఉండకుండా. "ఉన్నదున్నట్టు దింపుకుంటే అది బొమ్మ. ఇల్లు కాదు" అంది. అప్పటిదాకా మా ఇంట్లో అందరం ఆమెది పుట్టింటి మీద బెంగ అనుకున్నాం. బెంగ ఉంది. కానీ దాన్ని కూచోబెట్టి పని చేయించింది.

ఇల్లు లేచింది. భీమిలి నుంచి తెచ్చిన రెక్కల కిటికీలని కోయించి, చిన్నవి చేసి బిగించింది. ఒక మూల తులసి కోట, స్తంభానికి డిసెంబరులో మావయ్య కట్టే కాగితపు నక్షత్రం. ఆమె రోజు ఆ ఇంటితోనే నడిచేది. తెల్లారి చల్లగాలి ఉండగానే తలుపులన్నీ తీసేది. ఎండ ఎక్కుతున్నకొద్దీ తూర్పు నుంచి మొదలుపెట్టి ఒక్కో కిటికీ రెక్కలు వాల్చుకుంటూ ఇల్లంతా తిరిగేది. మధ్యాహ్నం మండువా గచ్చు మీద నీళ్ళు చిలకరించేది. సాయంత్రం చీకటి పడకముందే మళ్ళీ అన్నీ బార్లా తెరిచేది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చాక, "గోడ ముట్టుకో" అనేది. ముట్టుకోకపోతే మాట సాగనిచ్చేది కాదు. "గోడ వేడిని ఆపదే. ఆలస్యం చేస్తాది. సాయంత్రం దాకా ఆలస్యం చేస్తే చాలు, తర్వాత సంగతి మనం చూసుకుంటాం" అనేది. కష్టాల్లో ఉన్న చాలామందికి ఆమె చెప్పిన ధైర్యం కూడా దాదాపు ఇదే. ఈ రోజు దాటించు, మిగతాది తర్వాత చూద్దాం.

మావయ్య ఆ ఇంట్లోనే పోయాడు. చరోదా నుంచి వచ్చిన పాస్టరుగారు మండువాలో నిలబడి ప్రార్థన చేశారు. అత్త తన పద్ధతిలో దీపం పెట్టుకుంది. ఎవరికీ అడ్డు చెప్పలేదు, ఎవరినీ అడ్డు చెప్పనివ్వలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి బిల్డరొకడు చుట్టుపక్కల స్థలాలన్నీ కొన్నాడు. అపార్టుమెంటు కడతానని అత్త దగ్గరికి మనుషుల్ని పంపాడు. ఆమె ఇవ్వనంది. మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఇవ్వనంది. అప్పుడు ఎవరో మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు, ఈ ఇల్లు శిథిలావస్థలో ఉంది, ఇనుము లేని కట్టడం, ఎప్పుడైనా కూలి జనం మీద పడుతుంది అని. నోటీసు వచ్చింది, ఇల్లు ఖాళీ చెయ్యమని. నాన్న నోటీసు చదివి, "అప్పా, వయసైపోయింది. పోనీలే, మా ఇంటికొచ్చీ" అన్నాడు.

"నీ స్లాబు కిందకి నేను రాన్రా" అంది.

అధికారులు వస్తామన్న రోజు నేనూ వెళ్ళాను. ఆ వేసవి కరెంటు కోతలు ఎక్కువగా ఉండేవి. అందుకని కొన్ని వారాలుగా అత్త మధ్యాహ్నాలు ఎండకి తాళలేనివాళ్ళ కోసం వీధి తలుపు గడియ తీసి ఉంచుతోందని నాకు తెలియదు. లోపలికి అడుగు పెట్టి ఆగిపోయాను. మండువా చుట్టూ మనుషులు. పక్కింటి దీదీ అత్తగారు గోడవారగా నిద్రపోతోంది. రేకుల ఇళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు చంటిపిల్లల్ని గచ్చు మీద పడుకోబెట్టి విసురుతున్నారు. డెలివరీ సంచులు తలకింద పెట్టుకుని కుర్రాళ్ళు పడుకున్నారు. ఒక గర్భిణి స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. అత్త వాళ్ళ మధ్యనుంచి కుండలో నీళ్ళు పోస్తూ తిరుగుతోంది.

జీపు ఆగింది. అధికారి, అతని వెంట ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. అధికారి నడివయసువాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"మాతాజీ, ఇంతమందిని లోపల పెట్టారేంటి? ఈ ఇల్లు ప్రమాదం అని రిపోర్టుంది" అన్నాడు హిందీలో, కొంచెం గట్టిగానే.

"నెమ్మది. పిల్లలు లేస్తారు. ముందు మంచినీళ్ళు తాగండి" అంది అత్త.

అతను తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. తాగుతూ పైకి చూశాడు, దూలాల వైపు, గవాక్షాల వైపు.

"కూలిపోతుందని రాసినవాడు లోపలికొచ్చి చూశాడా?" అని అడిగింది అత్త.

అతను ఖాళీ గ్లాసు గచ్చు మీద పెట్టాడు.

"మీరు వచ్చారు గదా. మీరు చూడండి. ఎక్కడ పగులుందో చూపించండి, ఈ రోజే ఖాళీ చేస్తాను. పగులు లేకపోతే వీళ్ళని మీరే లేపి ఎండలోకి పంపండి. నేను లేపను."

అతను ఇల్లంతా తిరిగాడు. గోడలు తట్టాడు, మూలలు వంగి చూశాడు, మేడ మెట్లెక్కి దిగాడు. ఆ ఇద్దరు మనుషులు మాత్రం అప్పటికే అరుగు మీద చతికిలబడ్డారు. చివరికి అతను వచ్చి అత్త పక్కన కూచుని, గొంతు తగ్గించి, "ఎవరైనా ఇంజనీరు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తే నేను ఆపగలను" అన్నాడు. లేచేముందు, "మా ఊళ్ళో అమ్మమ్మ ఇల్లు ఇలాగే ఉండేది. మట్టి గోడలు. మేమే పడగొట్టాం" అన్నాడు.

ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చి చూశారు. ఇల్లు గట్టిగా ఉందని రాసిచ్చారు. నోటీసు ఆగిపోయింది. బిల్డరు మాత్రం ఆగలేదు. ఇంటికి పడమర పక్కా ఉత్తరం పక్కా అపార్టుమెంటు లేపాడు. సాయంత్రం గాలి చాలావరకు పోయింది. అది ఆమెకి దెబ్బే.  ఒకరోజు నేను వెళ్ళేసరికి పెరట్లో కుర్చీ వేసుకుని ఆ భవనం కేసి చూస్తూ కూచుంది.

"పడమటెండ కోసం చింతచెట్టు పెడదామనుకున్నాను. పెరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో అని బెంగపెట్టుకున్నాను. పాపం వీడే నా గోడకి నీడ పట్టేశాడు" అంది. ఆ తర్వాత ఇంటి తూర్పు గోడకి పైన ఇంకో రెండు గవాక్షాలు కొట్టించింది. గాలికి కొత్త దారి చూపించాలంది.

పోయిన వేసవిలో గుండె కొంచెం బలహీనంగా ఉందని డాక్టరు ఏసీ పెట్టించుకోమన్నాడు. ఆమె వద్దన్నా నాన్న వినకుండా ఒక కూలర్ తెచ్చి వసారాలో పెట్టి వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళి చూస్తే దాని మీద గుడ్డ పరిచి వడియాలు ఎండబెట్టింది. "పనికొస్తందిరా, బాగుంది" అంది నాన్నతో. నాన్న కోపంగా కారెక్కి, దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

నేను స్కూల్లో పిల్లలకి సైన్సు చెబుతాను. వేడి గురించి పాఠం వచ్చినప్పుడు వాళ్ళని అత్త ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. మా తరం తెలుగువాళ్ళం చాలామందిమి ఇక్కడే పుట్టి హిందీలోనే కలలు కంటున్నాం. మన ఊరు ఏది అని అడిగితే తడబడతాం. అత్త తడబడేది కాదు. అక్కడిది తెచ్చి ఇక్కడి మట్టిలో నిలబెట్టింది, అదీ ఎవరి అనుమతీ అడక్కుండా. ఆమె నాకు ఇచ్చింది అదే. మన ఇంటిని మనమే కట్టుకోవచ్చు, ఎవరో గడప మీద నిలబడి వద్దన్నా సరే.

పెద్దకర్మ అయిన మర్నాడు బిల్డరు మనిషి వచ్చాడు. చేతిలో పళ్ళ బుట్ట. వీధి తలుపు దగ్గర చెప్పులు విప్పి, చాలా మర్యాదగా నాన్న ఎదురుగా కూచున్నాడు. "అంకుల్‌జీ, ఇప్పుడింక ఈ ఇంట్లో ఉండేవాళ్ళెవరు? ఆలోచించండి" అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. ఈ ఇల్లు మొదటిసారి నక్షాలో చూసినప్పుడు తల పట్టుకున్న మనిషి. ఇల్లు అమ్మెయ్యమని అప్పని ఎన్నిసార్లో బతిమాలిన మనిషి.

"నేనుంటాను" అన్నాడు నాన్న.

అతను నవ్వబోయి ఆగాడు. "మీకు భిలాయిలో లీజుకి తీసుకున్న క్వార్టరుంది కదా."

"ఉండేది. ఈ నెల్లో ఖాళీ చేసేస్తన్నాను. మధ్యాహ్నాలు తలుపు తీసుండాలి గదా, ఎవరో ఒకరుండాలి." ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. "పళ్ళు తీసుకెళ్ళు బాబూ. మీ పిల్లలకివ్వు."

అతను వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. జూన్ తొలివాన, ముందు పెద్ద చినుకులు, తర్వాత ధార. మండువాలో పడి నాలుగు వైపులా చిమ్ముతోంది. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే నాన్న చొక్కా విప్పేసి, కుర్చీ ఈడ్చుకెళ్ళి మండువా నడిమధ్య వేసుకుని కూచున్నాడు. తెల్లటి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కళ్ళజోడు మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"తడిసిపోతన్నావు నాన్నా. లోపలికి రా" అని కేకేశాను.

తల తిప్పకుండానే అన్నాడు. "లోపలే ఉన్నాను గదే."

వాన నాన్న చుట్టూ, గచ్చు మీద, తెల్లగా ఎగురుతూనే ఉంది.